పులికాట్ తెరచాప పడవల లోపలి కొయ్యపని: పాతబడిన చెక్కను మళ్ళీ నిలబెట్టే పద్ధతులు

పులికాట్ సరస్సు మీద తెరచాప ఎత్తి నడిచిన కొయ్య పడవల్లో వెలుపలి వైపు కంటే లోపలి వైపే ముందు పాడవుతుంది. వెలుపలి పలకలు ఉప్పునీటిలో నానుతూ ఉంటాయి. వాటిని ఏటా గీకి, సందులు పూడ్చి, పూత పూస్తారు. లోపలి వైపు ఆ శ్రద్ధ తక్కువ. అక్కడ వాననీరు నిలుస్తుంది, చేపల జిగురు పేరుకుంటుంది, అడుగు పలకల కింద గాలి ఆడదు, ఇనుప మేకుల చుట్టూ కొయ్య నల్లబడుతుంది. పడవకు ఆకారమిచ్చే వంపు కొయ్యలు, వాటి మీద అడ్డంగా బిగించిన కూర్చునే పట్టెలు, అడుగున పరిచిన పలకలు, తెరచాప కొయ్య దిగే గుంట, ముందరి ఇరుకు మూల, చుక్కాని దగ్గరి బల్ల, పెద్ద పడవల్లో అయితే గూటి లోపలి చెక్కలు లోపలి కొయ్యపని కిందికి వస్తాయి. వయసు మీరిన పడవలో ఈ భాగాలను పరీక్షించి, ఆరబెట్టి, శుభ్రం చేసి, పుచ్చినంత మేర మార్చి, నూనె గానీ వార్నీషు గానీ పట్టించడం ఈ వ్యాసం విషయం.

సరస్సు, దాని నీరు

ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. తెలుగువారికి ప్రళయ కావేరిగా కూడా పరిచయం, స.వెం.రమేశ్ ‘ప్రళయ కావేరి కథలు’ ఈ తీరపు తెలుగు బతుకును పుస్తకానికి ఎక్కించాయి. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో ఉండిన ఆంధ్ర భాగం 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. తడ, సూళ్ళూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాల ఊళ్ళు దీని ఒడ్డున ఉన్నాయి. ఉత్తర దక్షిణాలుగా సరస్సు పొడవు దాదాపు 60 కిలోమీటర్లు. సముద్రానికీ దీనికీ మధ్య శ్రీహరికోట దీవి ఉంది. ఉత్తరాన స్వర్ణముఖి, పడమటి నుంచి కాళంగి, దక్షిణాన ఆరణి నదుల నీరు ఇందులోకి వస్తుంది. చాలాచోట్ల మనిషి నడుము లోతు కూడా ఉండదు.

పడవ కొయ్యకు సంబంధించినంత వరకు ఈ సరస్సులో ముఖ్యమైనది నీటి ఉప్పదనం ఏడాది పొడవునా ఒకేలా ఉండకపోవడం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు నదులు పారి, నీరు మంచినీటికి దగ్గరవుతుంది. ఎండాకాలంలో ఉత్తరపు భాగాలు ఇంకి, నీరు సముద్రం కంటే ఉప్పనవుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మే నెలలో సరస్సులో కొన్ని చోట్ల అంతకు మించిపోతుంది, మరికొన్ని చోట్ల నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. ఇలా పడవ ఒకే ఏడాదిలో మంచినీటిలోనూ గాఢమైన ఉప్పునీటిలోనూ తేలుతుంది. కొయ్య ఉబ్బుతుంది, కుదించుకుంటుంది, మళ్ళీ ఉబ్బుతుంది. సందుల్లో కొట్టిన దూది వదులై, మేకులు కదిలి, వంపు కొయ్యలకు చీలికలు రావడానికి ఈ ఉబ్బడం, ముడుచుకోవడమే మూలం.

ఈ నీటి మీద నడిచిన పడవలు

సరస్సు దక్షిణపు కొసనున్న పళవేర్కాడులో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్టణానికి మారేదాకా కోరమండల్ తీరంలో వారి వ్యాపారానికి అదే కేంద్రం. పెద్ద ఓడలు సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకును ఒడ్డుకు చేర్చే పని తీరపు పడవలది. మద్రాసు నుంచి మచిలీపట్నం దాకా అలలను దాటి సరుకు దించిన మసూలా పడవలకు మేకులే లేవు. పలకలకు కంతలు వేసి కొబ్బరి నారతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు పలక వంగేది గానీ పగిలేది కాదు. కుట్టు పాతబడితే విప్పి మళ్ళీ కుట్టేవారు, ఆ పనిలో పలక లోపలి వైపు ఎలా ఉందో కూడా కంటపడేది. ఇనుము లేనందువల్ల ఇనుప మరక, తుప్పు కుళ్ళు ఆ పడవల లోపలికి రాలేదు. తర్వాతి మేకు పడవలు పొందిన బలంతో పాటు ఈ జబ్బును కూడా తెచ్చుకున్నాయి.

సరస్సు మీది రవాణాను మార్చింది బకింగ్‌హాం కాలువ. వ్యాపారి బాసిల్ కోక్రన్ 1800ల మొదట్లో మద్రాసు నుంచి ఉత్తరంగా తవ్వించిన కాలువ మెల్లగా పులికాట్‌ను కలిపింది. 1876–78 కరువు పనుల కింద దాన్ని మరింత పొడిగించారు. అప్పటి మద్రాసు గవర్నరు, బకింగ్‌హాం డ్యూకు పేరే దానికి పెట్టారు. ఉప్పు, బియ్యం, కట్టెలు ఈ దారిలో మద్రాసుకు వెళ్ళేవి. శ్రీహరికోట సరుగుడు, అడవి కట్టెలు మద్రాసు పొయ్యిలకు పడవల మీదే చేరేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గెడ వేసి నెట్టేవారు, ఒడ్డు నుంచి తాడుతో లాగేవారు. 1965, 1966 తుపానులకు కాలువ బాగా దెబ్బతింది. లారీలు వచ్చాక దాని పని తగ్గిపోయింది. 1969లో శ్రీహరికోటను అంతరిక్ష కేంద్రానికి ఎంపిక చేశాక కట్టెల పడవల మాట ముగిసింది. చేపల పడవలు, దీవుల మనుషుల్ని దాటించే పడవలు మిగిలాయి. తడ మండలంలోని ఇరకం దీవికి భీములవారిపాలెం నుంచి పడవ మీద వెళ్ళడం అలవాటైన దారి.

ఉప్పు మోసిన పడవలను గురించి ఒక సంగతి చెప్పాలి. ఉప్పు నానిన కొయ్యలో కుళ్ళు బూజులు సులభంగా పెరగవు. ఉత్తర అమెరికాలో కొయ్య ఓడలు కట్టినవారు కావాలనే వంపు కొయ్యల మధ్య ఉప్పు నింపేవారు. కాబట్టి ఉప్పు పడవ చెక్క ఎక్కువ కాలం నిలవడం వింత కాదు. దాని మేకులను మాత్రం తుప్పు త్వరగా తినేస్తుంది.

ఏ కొయ్య ఎక్కడ

పలకలకు టేకు శ్రేష్ఠం. టేకు చేవలో సహజంగా ఉండే నూనెలు, టెక్టోక్వినోన్ అనే పదార్థం పురుగునూ బూజునూ దూరం పెడతాయి. పేద పడవకు టేకు దొరకదు కనుక వేప, మద్ది, మామిడి వాడారు. మామిడి చవక, వంగుతుంది, కానీ నిలవదు. మామిడి పలక ఉన్న పాత పడవలో మొదట చూడవలసింది దాన్నే. వంపు కొయ్యలకు నల్లతుమ్మ మంచిది. చెట్టులోనే వంగిన కొమ్మను ఏరి, ఆ వంపు పోకుండా బాడితతో చెక్కుతారు. నిటారు మొద్దును కోసి వంపు తెస్తే చెక్క నార మధ్యలో తెగి, సరిగ్గా వంపు దగ్గరే చీలుతుంది. తెరచాప కొయ్యకు పొన్న, సరుగుడు; చాపను సాగదీసే వాసానికి వెదురు, సరుగుడు.

బాగుచేసేటప్పుడు పాత కొయ్య ఏదో గుర్తించి అదే జాతి కొయ్యతో అతకడం మేలు. టేకు పక్కన మామిడి వేస్తే రెండూ ఒకే తీరుగా ఉబ్బవు, సందు మళ్ళీ తెరుచుకుంటుంది. కొత్త ముక్కలో తప్పకుండా చూడవలసింది చేవ. బెరడు కిందనున్న లేత కొయ్య ఏ చెట్టుదైనా, అది టేకే అయినా, పడవ లోపల నాలుగు వానలకు ఆగదు.

లోపల ఎందుకు పాడవుతుంది

కొయ్యను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు గాలి, వెచ్చదనం, తేమ కావాలి. కొయ్య బరువులో తేమ సుమారు 20 శాతం లోపు ఉన్నంతకాలం అవి పెరగలేవు. 30 శాతం దరిదాపుల్లో కొయ్య కణాల గోడలు నీటితో నిండిపోతాయి, అక్కడి నుంచి కుళ్ళు జోరందుకుంటుంది. పూర్తిగా నీట మునిగిన చెక్కకు గాలి అందదు కనుక ఈ జబ్బు రాదు. పడవ లోపల మాత్రం మూడూ సమకూరతాయి: వాననీటి తడి, తీరపు వెచ్చదనం, అడుగు పలకల కింద కదలని గాలి. ఉప్పునీరు చిందిన చోటి కంటే వాననీరు నిలిచిన చోటే ముందు కుళ్ళడం పడవ పనివారికి తెలిసిన సంగతే. పులికాట్‌కు వానలో ఎక్కువ భాగం మూడు నెలల్లోనే పడుతుంది. ఆ మూడు నెలల్లో నీళ్ళు తోడకుండా వదిలేసిన పడవకు ఏడాది మొత్తం వాడకంలో కలిగే నష్టం కంటే ఎక్కువ జరుగుతుంది.

ఉప్పు ఇంకోలా ఇబ్బంది పెడుతుంది. అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఎండకు ఆరినట్టు కనిపించే పలక, రాత్రి సముద్రపు గాలికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. అందుకే ఉప్పు కడగకుండా వేసిన రంగు పొక్కులు తేలుతుంది.

మూడో శత్రువు ఇనుము. టేకు, మద్ది, తుమ్మ లాంటి కొయ్యల్లోని వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నలుపు మరక కడతాయి. మరకతో ఆగితే నష్టం లేదు. ఉప్పు తడిలో తుప్పు పట్టే మేకు చుట్టూ రసాయన మార్పులు నడిచి కొయ్య నార మెత్తబడుతుంది. మేకు సన్నబడి, దాని కంత పెద్దదవుతుంది. పైకి బాగానే ఉన్న పలకను లాగితే మేకు అక్కడే ఉండి పలక ఊడి వస్తుంది. స్వీడన్‌లో 1628లో మునిగి 1961లో పైకి తెచ్చిన వాసా ఓడను 17 ఏళ్ళ పాటు పాలీఇథిలీన్ గ్లైకాల్ చల్లి కాపాడారు. ఇంత చేసినా, కొయ్యలోకి ఇంకిన గంధకం, తుప్పు పట్టిన ఇనుప బోల్టుల వల్ల లోపల ఆమ్లం పుడుతోందని తేలింది; తర్వాత వేలకొద్దీ బోల్టులను తుప్పు పట్టని ఉక్కువాటితో మార్చవలసి వచ్చింది. పులికాట్ ఒడ్డున ఒక చిన్న పడవ మేకు దగ్గర జరిగేదీ ఇదే తరహా నష్టం.

నాలుగోది ఓడపురుగు. పేరుకు పురుగు గానీ, అది ఆల్చిప్పల జాతి జీవి. పిల్లదశలో గుండుసూది మొన అంత కంతతో వెలుపలి పలకలోకి దూరి, లోపల నార వెంబడి సొరంగం తొలుస్తూ పెరుగుతుంది. అందువల్ల పలకకు రెండు వైపులా చూసినా తెలియదు. తెలుగు తీరంలో ఈ జీవుల మీద మంచి పరిశోధన జరిగింది: 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్.గణపతి, ఆర్.నాగభూషణం విశాఖ రేవులోని కొయ్య తొలిచే జీవులను పరిశీలించారు. బెంగళూరు కొయ్య విజ్ఞాన సంస్థ విశాఖలో సముద్రపు కొయ్య నష్టం మీద ప్రత్యేక కేంద్రం నడిపింది. మంచినీరు ఎక్కువైతే ఈ పురుగు నిలవలేదు కనుక వానాకాలపు పులికాట్ పడవకు కొంత కాపుదల. పడవను ఒడ్డుకు లాగి ఎండబెట్టినా చస్తుంది.

పరీక్ష

పనికి తగిన కాలం మార్చి నుంచి జూన్ దాకా. తూర్పు తీరంలో మర పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. అది సరస్సు నాటు పడవల కోసం పెట్టింది కాకపోయినా వడ్రంగులు దొరికే కాలం కూడా అప్పుడే. పడవను ఒడ్డుకు లాగి, కింద మొద్దులు పెట్టి, ఎండ నేరుగా తగలకుండా తాటాకు పందిరి వేయాలి. ఎండలో వదిలేస్తే పలకలు ఒక్కసారిగా ముడుచుకుని చీలుతాయి. ఆరడం నెమ్మదిగా జరగాలి.

అడుగు పలకలన్నీ ఎత్తాలి. చాలామంది కనిపించే పట్టెలకు రంగు వేసి, అడుగు పలకలను కదిలించకుండా వదిలేస్తారు. అసలు రోగం ఆ కిందే ఉంటుంది. వంపు కొయ్యల కింద నీళ్ళు పారడానికి వదిలిన చిన్న కంతలు చేప పొలుసు, మట్టి, వల నార ముక్కలతో మూసుకుపోయి ఉంటాయి. ఆ కంతలను సన్నని తీగతో పొడిచి తెరవడం పడవ బాగుచేతలో అన్నిటికంటే చవకైన పని. ఫలితం మాత్రం అన్నిటికంటే ఎక్కువ.

తర్వాత సుత్తి వెనకవైపుతో తడుతూ వినాలి. గట్టి కొయ్య ఖంగుమంటుంది, పుచ్చినది బోలుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట సన్నని ఆరతో గుచ్చితే, మంచి కొయ్యలో మొన ఆగిపోతుంది, లేచిన పెళ్ళ పొడవుగా నార నారగా వస్తుంది. పుచ్చినదైతే పెళ్ళ అడ్డంగా పుటుక్కున తెగుతుంది. తప్పకుండా గుచ్చవలసినవి మూడు చోట్లు: తెరచాప కొయ్య దిగే గుంట, వంపు కొయ్యల కింది కొసలు, ముందరి మూల. తెరచాప కొయ్య గుంటలోకి వాననీరు కొయ్య వెంబడి జారి చేరుతుంది, బయటికి పోయే దారి ఉండదు. గాలి వేగంలో చాప నిండినప్పుడు భారమంతా ఆ గుంట మీదే పడుతుంది కనుక, దాని పుచ్చు మనుషుల ప్రాణాలకు సంబంధించిన విషయం.

కడగడం, గీకడం

ముందు మంచినీటితో, బట్టల సబ్బు నురగతో, కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. ఉప్పు వదిలేదాకా రెండు మూడుసార్లు నీళ్ళు మార్చాలి. పలుచని నీడలో వారాల పాటు ఆరనివ్వాలి. తేమ కొలిచే చిన్న పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి; అవి లేకపోతే, పాలిథీన్ ముక్కను కొయ్య మీద పరిచి అంచులు అతికించి ఒక రాత్రి ఉంచితే చాలు. కింద చెమ్మ పడితే ఇంకా ఆరలేదని అర్థం.

పాత రంగు పొరలను గీసే కత్తితో తీస్తారు. పాత పడవల మీది ఎనామెల్ రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక పొడిగా గీకి దుమ్ము రేపడం మంచిది కాదు. తడిపి తీయాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పొట్టు సరస్సులో పారేయకూడదు. 1976 నుంచి పక్షుల అభయారణ్యమైన నీరు ఇది. గీకాక ఉప్పు కాగితం ఎప్పుడూ నార వెంబడే పట్టాలి, మొదట గరుకుది, తర్వాత నున్ననిది. అడ్డంగా రుద్దిన గీతలు నూనె పట్టించాక బయటపడతాయి, అప్పుడు పోవు.

ఇనుము నలుపు మరకలకు ఆక్సాలిక్ ఆమ్లం పనిచేస్తుంది. వేడినీటిలో కరిగించి కుంచెతో పూసి, మరక లేతబడ్డాక బాగా కడిగేయాలి. అది విషం, చేతికి తొడుగు, కంటికి అద్దం తప్పవు. మేకును తీయకుండా మరకను తీస్తే వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది. ఎండకు బూడిద రంగు తిరిగిన పై పొర మాత్రం కుళ్ళు కాదు. కొయ్య నారను పట్టి ఉంచే లిగ్నిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు విరిగి, వానకు కొట్టుకుపోగా మిగిలిన నార అది. లోతు చాలా తక్కువ. చిత్రిక ఒక పట్టు పడితే కింద పాత రంగు తేలుతుంది. బూడిద రంగు చూసి మంచి పలకను పారేయడం పాత పడవల విషయంలో తరచూ జరిగే అన్యాయం.

మార్చడం, అతకడం

పుచ్చిన భాగాన్ని మంచి కొయ్య కనిపించేదాకా తొలగించాలి. అక్కడి నుంచి ఇంకో జానెడు కూడా కోయడం మేలు, ఎందుకంటే కుళ్ళు తెచ్చే పోగులు కంటికి కనిపించే హద్దు దాటి ఉంటాయి. అతుకును నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా కోయాలి. మందానికి ఎనిమిది రెట్లైనా ఏటవాలు ఉంటే అతుకు బలంగా ఉంటుంది. వంపు కొయ్య కింది కొస మాత్రమే పోతే పక్కన ఇంకో వంపు కొయ్యను జోడించి రెంటినీ బిగించడం నాటు పద్ధతి. చూపుకు అందం తక్కువైనా బలానికి లోటు లేదు, పైగా పాత పలకను కదిలించనక్కర్లేదు.

ఇనుప మేకుల స్థానంలో రాగి మేకులు వేసి, లోపలి వైపు చిల్లు బిళ్ళ మీద మడిచి కొట్టడం ఖరీదైనా మేలైన పని. రాగిని, ఇనుమును మాత్రం పక్కపక్కనే వాడకూడదు. ఉప్పు తడిలో రెండు లోహాల మధ్య విద్యుత్తు పుట్టి ఇనుము త్వరగా కరిగిపోతుంది. రాగి కొనలేనివారు జింకు పూత మేకులు వాడతారు.

సందుల్లో దూది పేటలు గానీ కొబ్బరి నార గానీ మొద్దు ఉలితో కొట్టి, పైన గుగ్గిలం ముద్ద అద్దుతారు. ఎండాకాలంలో కొయ్య ముడుచుకున్నప్పుడు మరీ బిగించి కొడితే, నీళ్ళలో దించాక పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుని మేకులనే లాగేస్తాయి. ఎంత బిగువు కావాలో చేతి అలవాటే చెప్పాలి. ఈ నేర్పు పుస్తకంలోకి ఎక్కనిది, చేసేవారితోనే పోతోంది.

నూనె, గుగ్గిలం, వార్నీషు

తీరపు పాత పద్ధతి నూనె. చేప నూనె, ముఖ్యంగా సొరచేప కాలేయపు నూనె, దేశం పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా కొయ్య పడవలకు పట్టించారు. గుజరాత్‌లో దీని కోసం భారీ తిమింగల సొరలను వేటాడేవారు. 2001లో వాటిని వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చాక ఆ వేట నేరమైంది. వాసన భరించగలిగితే చేప నూనె పనికి మంచిదే: కొయ్యలోకి ఇంకుతుంది, గాలికి కొంత గట్టిపడుతుంది, ఏటా పైనే మళ్ళీ పట్టించవచ్చు.

అన్ని నూనెలూ ఒకటి కావు. అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి పొరగా గట్టిపడుతుంది. వేరుశనగ, ఆముదం అలా గట్టిపడవు. జిగటగా ఉండిపోయి దుమ్మును, బూజును పట్టుకుంటాయి. ఇంట్లో ఉన్న నూనె ఏదైనా పూస్తే సరిపోతుందనుకోవడం సరికాదు. అవిసె నూనెను టర్పెంటైన్‌తో పలుచన చేసి మొదటి చేయి, పలుచన తగ్గిస్తూ తర్వాతి చేతులు పూయాలి. ఇంకకుండా పైన నిలిచినదాన్ని గుడ్డతో తుడిచేయాలి. తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి మంటలు లేస్తాయి. వాటిని నీళ్ళలో ముంచి, విడదీసి ఆరవేయాలి.

గుగ్గిలం పొడిని నూనెలో కాచి చేసిన ముద్ద సందులకు, మేకు తలలకు, చీలికలకు వాడతారు. నూనె ఎక్కువైతే ముద్ద మెత్తగా ఉండి సాగుతుంది, గుగ్గిలం ఎక్కువైతే గట్టిపడి పెళుసవుతుంది. కొయ్య ఉబ్బినప్పుడు తానూ సాగే మెత్తని పాకమే లోపలి వైపుకు సరైనది. బజారులో దొరికే లప్పం పెళుసు కనుక పడవ కదలికకు రాలిపోతుంది. శ్రీకాకుళం జిల్లా పలాస జీడి పరిశ్రమలో మిగిలే జీడి పెంకు నూనెకు పురుగును ఆపే గుణం ఉంది. పచ్చిగా తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది కాబట్టి అది కూర్చునే పట్టెలకు కాదు, అడుగు కొయ్యలకే తగినది. తారు వెలుపలికి సరే. లోపల తారు పూస్తే ఎండకు అంటుకుంటుంది, చేపకు వాసన పడుతుంది, అన్నిటినీ మించి కింది పుచ్చును కనబడకుండా దాచేస్తుంది. ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన కొయ్యను చేపలు వేసే చోట అసలు వాడకూడదు.

వార్నీషుకు అందం ఎక్కువ. పనిచేసే పడవలో దానికి చోటు తక్కువ. పొర గట్టిగా ఉంటుంది, కింద కొయ్య కదులుతుంది. ఎక్కడో ఒక గీత పడి నీరు లోపలికి దిగుతుంది, పొర అడ్డుపడి బయటికి రాదు. ఆ తర్వాత పొర కిందే కుళ్ళు నడుస్తుంది. నూనె పట్టించిన కొయ్య అందం తక్కువైనా చెమ్మను లోపలికి తీసుకున్నట్టే బయటికి వదిలేస్తుంది. పడవను నీడలో ఉంచి, ఏటా ఒక చేయి వేయించగలవారికే వార్నీషు తగినది.

గూడు, గది ఉన్న పడవలు

విహారానికి కట్టిన పాశ్చాత్య తెరచాప పడవల్లో పడక, బల్ల, అరలు అన్నీ చెక్కే. అక్కడ చూసుకోవలసిన తేడా, చాలావరకు అది ప్లైవుడ్ మీద అతికించిన పలుచని టేకు పొర కావడం. ఉప్పు కాగితాన్ని కాస్త గట్టిగా పడితే పొర చిరిగి అడుగు చెక్క బయటపడుతుంది. కిటికీ అంచుల నీరు కారిన మరకలే అక్కడ ఎక్కువ. కారే చోటు ఆపకుండా కింద చెక్కను మెరిపించడం వృథా. ప్లైవుడ్ మార్చవలసి వస్తే ఐ.ఎస్. 710 గుర్తు ఉన్న సముద్రపు ప్లైవుడ్ మాత్రమే వాడాలి. టేకును ఎపాక్సీతో అతికేముందు అసిటోన్‌తో తుడిచి పై నూనె తీయాలి, లేకపోతే అతుకు నిలవదు. అరల తలుపులకు కంతలు పెట్టి గాలి ఆడనివ్వాలి.

సరిగ్గా చూసుకుంటే కొయ్య ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి మన టేకే సాక్ష్యం. బొంబాయి రేవులో ఓడలు కట్టే వాడియా కుటుంబం వారు మలబారు టేకుతో కట్టి 1817లో నీటిలోకి దించిన ట్రింకోమలీ యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఈనాటికీ తేలుతోంది; 2001లో ముగిసిన బాగుచేతలో దాని పాత టేకులో చాలా భాగం అలాగే నిలిచింది. తెలుగు తీరంలో నరసాపురం, మాధవాయపాలెం, కోరంగి ఓడల కట్టుబడికి పేరున్న రేవులు. 1670లలో ఇక్కడికి వచ్చిన ఇంగ్లీషు వర్తకుడు థామస్ బౌరీ నరసాపురం ప్రాంతపు కొయ్యను, పనివారిని మెచ్చుకున్నాడు. కాకినాడ దగ్గర తాళ్ళరేవులో కొయ్య పడవలు కట్టే పని మన కాలం దాకా వచ్చింది.

ఇప్పటి స్థితి

1980ల తర్వాత ఫైబర్ పడవలు వచ్చాయి. 2004 సునామీ తర్వాత సహాయంగా అందినవి ఎక్కువగా అవే. ఫైబర్‌కు ఏటా నూనె అక్కర్లేదు, మోటారు తగిలించుకోవచ్చు, మత్స్యకారుడికి అది లాభమే, తప్పు పట్టడానికి లేదు. కొందరు పాత కొయ్య పడవ మీదే ఫైబర్ పొర కప్పిస్తారు. కొయ్య బాగా ఆరకముందు కప్పితే తేమ మధ్యలో చిక్కి, రెండు మూడేళ్ళలో లోపలి కొయ్యంతా పొడిపొడి అవుతుంది. నాలుగు డబ్బులు మిగిలినట్టు కనిపించి పడవనే పోగొట్టే పని ఇది.

మిగిలిన కొయ్య పడవల్లో కొన్నైనా నిలవాలంటే చేయవలసింది పెద్దదేమీ కాదు. సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగకు వేలమంది వస్తారు. పక్షులను చూపించే చోటే ఒక తెరచాప పడవను పైకప్పు కింద, నేలకు తగలకుండా, అడుగు పలకలు ఎత్తి గాలి ఆడేలా నిలపవచ్చు. ఏటా వానలకు ముందు ఒకసారి కడిగి, అవిసె నూనె ఒక చేయి పట్టించాలి. దాని కొలతలు తీసి గీతలు గీయించాలి, సందు కొట్టే చేతిని, గుగ్గిలం కాచే పాకాన్ని వీడియో తీసి ఉంచాలి. జిల్లా అధికారులు, పర్యాటక శాఖ, తీరపు పాఠశాలలు కలిసి చేయగలిగిన పని ఇది. ఎంచుకోవలసింది ఇంకా చేవ మిగిలిన పడవను. ఎంచుకోవలసిన కాలం వచ్చే ఈశాన్య వానలకు ముందు.